దారంతో కొలిచిన రైలు

బలసముద్రం,
20 జనవరి 2025.

ధనూకి ఆశా రాసే ఉత్తరం.

కవరు మీద నా చేతిరాత చూసి ఎవరో పోయారని గుండె పట్టుకుని ఉంటావు. ఎవరూ పోలేదు. అందరం క్షేమం అని రాద్దామంటే మాత్రం అది అబద్ధమవుతుంది. పావగడ హాస్టల్లో ఇద్దరం ఒకే ట్రంకుపెట్టె వాడుకున్న రోజుల్లో కూడా నేను నీకు అబద్ధం చెప్పలేదు, శనక్కాయలు నేను తినలేదన్న ఒక్కసారి తప్ప.

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటంటావు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ మా ఆయన జేబులో ఉంటుంది. నీతో మాట్లాడినా, ఫోటో పంపినా ఆయనకు తెలియకుండా ఉండదు. పోస్టు కదిరప్పయితే ఉత్తరం నా చేతికే ఇస్తాడు. నువ్వూ ఉత్తరమే రాయి.

మా పొలం సోలార్ పార్కుకు లీజుకిచ్చాక మా ఆయన ధనంజయకు ఒక కంపెనీ గెస్ట్‌హౌస్‌లో తోటపని దొరికింది కదా. అక్కడ ముందున్న మేనేజరుకు బొమ్మరైళ్ల పిచ్చి. గులాబీ మొక్కల చుట్టూ మూడు వేళ్ల వెడల్పు పట్టాలు పరిచి రైలు నడిపేవాడు. నిరుడు ఆయన బదిలీ అయిపోయాడు, పట్టాలు మిగిలాయి. మా ఆయన రోజూ వాటి మీద రాలిన ఆకులు ఊడ్చేవాడు. పావగడకు రైలు ఇదిగో వస్తుంది అదిగో వస్తుందని మన తాతలు ఎదురుచూసినట్టు ఆ ఖాళీ పట్టాల వంక చూసేవాడు. దీపావళి తర్వాత మా అత్త హొన్నూరమ్మకు కళ్ల ఆపరేషన్ చేయించడానికి బెంగళూరు వెళ్లి, వచ్చేటప్పుడు గోనెసంచిలో ఒక నల్ల ఇంజనూ రెండు బోగీలూ తెచ్చాడు. పాత సామాన్లు అమ్మే ఆదివారం సంతలో కొన్నానన్నాడు. మా రూప సంబరం చూసి నేనూ మురిసిపోయాను.

ఆ రైలు ఇల్లు దాటకుండా ఉంటే సరిపోయేది. ఒక ఆదివారం గెస్ట్‌హౌస్‌లో ఎవరూ లేరని ఆ బండి తీసుకెళ్లి వాళ్ల పట్టాల మీద పెట్టి కూతురికి నడిపి చూపించాడు. వాచ్‌మన్ చూశాడు. మర్నాడు స్టోరు చూసే తిప్పేస్వామి స్టోరు గది తెరిస్తే, మేనేజరు రైలు తాలూకు డబ్బా ఖాళీగా ఉంది. ఇక చెప్పేదేముంది.

“మా పట్టాల మీద అచ్చంగా కూచుండాది. ఇది మాది కాకుంటే ఎవురిది? బిల్లు యాడుండాది?” అన్నాడట తిప్పేస్వామి.

“ఆదివారం సంతలో బిల్లు ఎవురిస్తారప్పా?” అన్నాడట మా ఆయన.

ఉగాది దాకా పనిలోకి రావద్దన్నారు. ఆ లోపల రుజువు చూపించకపోతే పోలీసులకు రాసిస్తారట. ఒక గేటు దగ్గర పేరు చెడితే ఈ పార్కులో ఏ గేటూ తెరుచుకోదు ధనూ. పొలం వాళ్ల కింద, పని వాళ్ల దగ్గర. దొంగ అనిపించుకున్నాక మేం ఈ ఊళ్లో ఎలా తలెత్తుకుంటాం?

ఖాళీ డబ్బా మీద ‘జర్మనీ, స్కేలు 22.5’ అని ఉందట. అంటే ఏమిటి? నువ్వు పాత బొమ్మరైళ్లు బాగుచేసే షాపులో పనిచేస్తున్నావు. మా ఇంట్లో ఉన్నది ఏ కంపెనీదో, ఏ కొలతదో ఎలా కనుక్కోవాలో చెప్పు. ఆయన్ని అడగమనకు. “చెప్పినా కదా, కొన్నా అని. ఒగసారి చెప్పినంక రెండోసారి చెప్పేదేంది?” అని దొడ్లోకి వెళ్లి తాళ్లు పేనుకుంటాడు.

నీ
ఆశా

*

మల్లేశ్వరం, బెంగళూరు,
29 జనవరి.

ఏమ్మే ఆశా,

శనక్కాయలు నువ్వే తిన్నావని నాకు అప్పుడే తెలుసు. మూతికి పొట్టు అంటించుకుని సత్యం చెప్పిన దానివి నువ్వు.

ముందు ఏడుపు ఆపు. మీ తిప్పేస్వామికి రైళ్ల గురించి ఓనమాలు తెలియవు. తోటల్లో నడిపే రైళ్లకు, ఏ కంపెనీ చేసినా, పట్టాల వెడల్పు దాదాపు ఒక్కటే. బండి కొలత మాత్రం ఎవరి లెక్క వాళ్లది. స్కేలు అంటే అసలు రైలును ఎన్ని వంతులు చిన్నది చేశారో ఆ లెక్క. ఇరవైరెండున్నర అంటే, అసలు బండిలో ఇరవైరెండున్నర మీటర్లుండేది బొమ్మలో ఒక మీటరు. ఇంకో కంపెనీ ఇరవైతొమ్మిదో వంతుకు తగ్గిస్తుంది, మరొకటి ముప్ఫైరెండో వంతుకు. అన్నీ ఆ పట్టాల మీదే నడుస్తాయి. ఒకే సైజు చెప్పులు వేసుకున్న ఇద్దరు మనుషులు ఒకే ఎత్తు ఉంటారా? బండి పట్టాల మీద కూర్చుందని మాదే అనేవాడు, రేపు చెప్పులు సరిపోయాయని ఎవరినైనా తన తమ్ముడనగలడు.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన పని. బండిని బోర్లించి అడుగున ఏం పేరుందో, ఏం బొమ్మ ఉందో చూడు. అక్షరాలు చదవడం రాకపోతే పైన కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దు, అచ్చు పడుతుంది. తర్వాత చక్రాల మధ్య దూరం, బోగీ పొడవు, బోగీ తలుపు ఎత్తు కొలువు. తలుపే ముఖ్యం. తలుపు మనిషి దూరడానికి పెట్టింది, మనిషి ఎత్తు ఏ దేశంలోనైనా పెద్దగా మారదు. మా షాపులో పేరు చెరిగిపోయిన బండి వస్తే మొదట చూసేది అదే. రూప స్కేలుతో మాత్రం కొలవకు, పిల్లల స్కేళ్లు మొదట్లో అరిగిపోయి ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో రంగు దారం పట్టి, ముడి వేసి కవర్లో పెట్టు. నేనిక్కడ సరిగా కొలుస్తాను.

బోగీకీ బోగీకీ తగిలించే కొక్కెం ఎలా ఉందో కూడా బొమ్మ గీయి. నీ డ్రాయింగు సంగతి తెలుసు, అయినా గీయి.

భయపడకు. మీ ఆయన కొన్నానంటే కొన్నట్టే. మనిషి మొండోడే గాని ఇంకొకరి సొమ్ము ముట్టే రకం కాదని నీ పెళ్లిలోనే చూశాను. నా చెప్పు తెగితే కుట్టించి తెచ్చిచ్చి, ఎవరు కుట్టించారో కూడా చెప్పకుండా పోయాడు.

ధనుశ్రీ

*

బలసముద్రం,
8 ఫిబ్రవరి.

ధనూ,

ఎర్రదారం చక్రాల మధ్య దూరం. నల్లది బోగీ పొడవు. తెల్లది తలుపు. ఆయన బోరు దగ్గరికి వెళ్లినప్పుడు, అత్త కునుకు తీసినప్పుడు, దొంగలా కొలిచాను. చూడు, ఆ మాట నా నోటికే ఎలా వస్తోందో.

కొక్కెం గీశాను. నవ్వకు. గుప్పిట సగం మూసినట్టు ఉంటుంది, రెండు గుప్పిళ్లు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

అడుగున పేరేమీ లేదు. నునుపుగా ఉంది. నువ్వు చెప్పినట్టు పెన్సిలుతో రుద్దాను, ఆ కాగితం కూడా పెట్టాను. అందులో నీకు పనికొచ్చేది ఉండదనుకుంటా.

ఇక్కడ రోజులు బరువుగా పోతున్నాయి. పక్కింటి వెంకటక్క నీళ్ల దగ్గర అందరూ వినేలా, “ఏమ్మే ఆశా, మీ ఇంటికి రైలొచ్చిందంట. టికెట్ కొన్నారా, ఊరికే ఎక్కినారా?” అంది. ఆడవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే నిజమనుకుంటారు కదా.

తిప్పేస్వామి ఒకసారి ఇంటికే వచ్చాడు. బండిని అటూ ఇటూ తిప్పి, అడుగు భాగం చూసి, “పేరు యాడ పోయింది దీంది?” అన్నాడు. మా ఆయన తాడు పేనుతూనే ఉన్నాడు. “ఏమప్పా ధనంజయా, నోరుండాదా లేదా?” అన్నాడు తిప్పేస్వామి మళ్లీ. మా ఆయన లేచి గొర్రెలకు నీళ్లు పెట్టడానికి పోయాడు. గుప్పెడు గొర్రెలు మిగిలాయి మాకు, వాటికి ఆ రోజు మూడుసార్లు నీళ్లు పెట్టాడు.

రూప రైలును ముట్టుకోవడం మానేసింది. ఎందుకే అంటే, “పోలీసోళ్లు నా వేళ్లు చూస్తారంట” అంటుంది. బళ్లో ఎవరో చెప్పారట.

తొందరగా రాయి.

ఆశా

*

మల్లేశ్వరం,
17 ఫిబ్రవరి.

ఆశా,

దారాలు అందాయి. కొలిచాను. ఇంకా కొన్ని చూడాలి, ఇప్పుడే ఏమీ చెప్పలేను. తెల్లదారం ఇంకొకటి పంపు. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా పట్టావో విడమరచి రాయి.

నువ్వు పంపిన పెన్సిలు కాగితాన్ని భూతద్దం కింద పెట్టి చూశాను. నునుపుగా ఉందన్నావు. అవి ఆకురాయి గీతలు. పాతవైతే జిడ్డు పట్టి పూడిపోతాయి, ఇవి పదునుగా పడ్డాయి. ఈ మధ్యనే ఎవరో పేరును రాకారు. నీకు తెలిసి ఉంటే రాయి. తెలియకపోతే వదిలేయి.

మా ఓనరుకు ఇంకా ఏమీ చెప్పలేదు. ఆరోగ్యం జాగ్రత్త.

ధనుశ్రీ

*

బలసముద్రం,
26 ఫిబ్రవరి.

ధనూ,

నీ ఉత్తరంలో ఒక్క ఎగతాళి మాట లేదు. ‘ఏమ్మే’ కూడా లేదు. ఆరోగ్యం జాగ్రత్త అట! పదేళ్లలో నువ్వు నాకెప్పుడు రాశావు ఆ మాట? కవరు చింపి రెండు వాక్యాలు చదవగానే నాకు అర్థమైపోయింది. కొలత డబ్బా మీది అంకెకు సరిపోయింది, అవునా? నాకు చెప్పడానికి నీకు నోరు రాలేదు.

సరే, నేనూ ఒకటి దాచాను. పేరు రాకింది మా ఆయనే. నా కళ్లతో చూశాను. బెంగళూరు నుంచి వచ్చిన మర్నాడే, దొడ్డి వాకిట్లో కూర్చుని, ఇంజన్ను ఒళ్లో బోర్లా పెట్టుకుని, ఆకురాయితో రాకుతున్నాడు. పక్కన ఏదో రేకు ముక్క ఊడదీసి పెట్టాడు. “ఏం చేస్తున్నావు?” అన్నాను. “మన గుర్తు పెడ్తాండా” అన్నాడు. రాకిన చోట ఎర్రజాజు రంగుతో ఒక చుక్కా, పక్కన చిన్న గాటూ పెట్టాడు, మా గొర్రెల చెవులకు ఉన్నట్టు. అప్పుడు నవ్వాను. డబ్బా ఖాళీ అన్న రోజు నుంచీ ఆ నవ్వు తలుచుకుంటే భయమేస్తోంది. కొన్న బండి మీద పేరు ఎవరైనా ఎందుకు చెరుపుతారు? సొంతమైనదాని మీద పేరుంటే ఏం నష్టం?

తిప్పేస్వామి అడిగింది కూడా అదే కదా. దానికే ఈయన నోరు విప్పలేదు.

నేను ఆయన్ని అనుమానిస్తున్నాను ధనూ. రాసేశాను. పక్కన పడుకుని, ఆయన ఊపిరి వింటూ, ఈ మనిషి అలాంటి పని చేశాడా అని ఆలోచిస్తున్నాను. అడిగితే అవునంటాడేమోనని భయం. కాదంటే నమ్మలేనేమోనని ఇంకా భయం. అందుకే నీకు రాసింది, ఆయన్ని అడగలేకే.

తలుపు ఎలా కొలిచానన్నావు. ఎలా కొలుస్తారు? కింద గడప నుంచి పైన కమ్మి దాకా. మా నాన్న నాగలమడికలో ఇల్లు కట్టినప్పుడు వడ్రంగి చిన్నరంగప్ప వాకిలి అంటే అలాగే, ద్వారబంధం మొత్తం కలిపే కొలిచాడు. ఈ బోగీకి గడప కింద మెట్టు కూడా ఉంది, దాన్నీ కలిపాను. ఈసారి రెండు దారాలు పెట్టాను, పొడుగుది బందంతో కలిపి, పొట్టిది తలుపు రెక్క ఒక్కటే. రెక్క కొలవడం నాకు వింతగా ఉంది. రెక్కను ఎవరు కొలుస్తారు?

ఉన్నదున్నట్టు రాయి. నా మీద దయ చూపించకు.

ఆశా

*

మల్లేశ్వరం,
6 మార్చి.

ఏమ్మే తిక్కదానా,

రెక్కనే కొలుస్తారే! ఊళ్లో వాకిలికి బందంతో కలిపి కొలుస్తారేమో, రైలు తలుపుకు రెక్కనే కొలుస్తారు. నువ్వు మెట్టూ గడపా పైకమ్మీ కలిపి పంపిన మొదటి తెల్లదారం ఎనిమిది సెంటీమీటర్ల పైచిలుకు. దాన్ని ఇరవైరెండున్నరతో పెంచి చూస్తే నిలువెత్తు మనిషికి సరిగ్గా సరిపోయే తలుపు. అంటే డబ్బా మీది బండే. ఆ అంకె చూసి నాకు అన్నం సహించలేదు. నీకెలా రాయను? అందుకే నంగి నంగిగా రాశాను. నాకూ దాపరికం చేతకాదని తేలిపోయింది.

ఇప్పుడు నీ పొట్టి దారం ఏడు సెంటీమీటర్లు కూడా లేదు. ఇరవైరెండున్నర లెక్కన అయితే ఆ తలుపులోంచి మీ రూప దూరాలి గాని పెద్దవాళ్లు దూరలేరు. ఇరవైతొమ్మిది లెక్క వేస్తే మనిషి హాయిగా నడిచిపోతాడు. బోగీ పొడవు కూడా దానికే కుదిరింది. నువ్వు గీసిన గుప్పిళ్లు చూశాక ఇక అనుమానం లేదు. ఎర్రడబ్బాల్లో వచ్చే జర్మనీ బండ్లకు అలాంటి కొక్కెం ఉండదు, వంకీ ఒకటీ దాన్ని పట్టుకునే కమ్మి ఒకటీ ఉంటాయి. మీది అమెరికా తరహా బండి. మా షాపులో డేగబండి అంటాం, ఆ కంపెనీ గుర్తు డేగ. ఇదే ఇంజను ఇప్పుడు నా బల్ల మీద చక్రం ఊడి పడి ఉంది, పక్కన పెట్టి చూసినట్టే ఉంది నీ కొలత.

మీ ఆయన దొంగ కాదు ఆశా. పెద్ద అక్షరాలతో రాసుకుని గోడకు అంటించు.

మా ఓనరు చేత ఇది ఏ తరహా బండో, ఏ స్కేలో, గెస్ట్‌హౌస్ డబ్బాలోది ఎందుకు కాదో షాపు కాగితం మీద రాయించి ఈ కవర్లోనే పెట్టాను. కానీ ఒక చిక్కుంది. తిప్పేస్వామి కాగితం చూసి, “అయితే పేరెందుకు రాకినావు?” అంటాడు. ఆ ప్రశ్న అలాగే ఉంటే కాగితం సగమే నమ్ముతారు. ఈ బండికి అడుగున డేగబొమ్మతో చిన్న రేకు ఉంటుంది, రెండు మరలతో బిగించి. దాని పక్కనే పేరు పోత పోసి ఉంటుంది. పోత రాకేశాడు సరే, ఊడదీసిన రేకు ఏమైంది? అది దొరికితే తిరుగుండదు.

ఆయన్ని అడుగు. దారంతో కాదు, నోటితో.

ధనూ

*

బలసముద్రం,
23 మార్చి.

ధనూ,

నువ్వు చెప్పిన పని సగమే చేశాను. ఆయన్ని అడగలేదు. నీ ఉత్తరం జాకెట్లో పెట్టుకుని ఇన్ని రోజులు ఆయన వెనకాలే తిరిగాను. ‘ఆ రేకు యాడ పెట్టినావు?’ ఎంత మాట అది? నోటిదాకా వచ్చేది. అడిగితే, ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదని ఆయన అడుగుతాడు.

నిన్న పొద్దున అత్త దొడ్లో ఎరువు ఎత్తుతుంటే పక్కన చేరాను. మా పుట్టింట గొర్రెలు పోయి రెండు తరాలైంది కదా, తెలియనట్టే అడిగాను. తెలియనట్టేమిటి, నిజంగానే తెలియదు.

“అత్తా, సంతలో కొన్న గొర్రెకు పాతోళ్ల గుర్తు ఉంటే ఏం చేస్తారు?”

“ఏం చేస్తారు, తీసేస్తారు. రంగున్న ఉన్ని కత్తిరించి మన జాజు పెడ్తాం. లేకుంటే అది మన మందలో నిలబడ్తాదా?”

“ఆ కత్తిరించింది పారేస్తారా?”

అత్త నా వంక పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. “పారేసేదేందే? రేపు అమ్మిన ఆయప్ప వచ్చి ఇది నాది అంటే ఏం చూపిస్తావు? దొంగోడైతే గుర్తు పారేస్తాడు, కొన్నోడు దాచిపెడ్తాడు. మీ మామ గోపాలప్ప ఉన్నప్పటి నుంచీ ఇదే మా ఇంటి పద్ధతి. యాడుండాదో చూడు, నీ తలమీదనే.”

తలెత్తాను. దొడ్డి వాకిలి పైకమ్మికి నల్లటి ఉన్ని ముడి వేలాడుతోంది. రోజూ చూసేదే, దిష్టికి కట్టారనుకునేదాన్ని. అత్త కొడవలి కొనతో లాగి చూపించింది. పచ్చరంగు ఉన్ని, నీలం ఉన్ని, ఎప్పటివో తెలియని గొర్రెల గుర్తులన్నీ ఒకదానికొకటి చుట్టుకుని ఉన్నాయి. వాటి మధ్యలో, తీగకు గుచ్చి, డేగబొమ్మ రేకు.

“కండ్ల ఆపరేషనైనంక నేను మొదట కట్టింది ఇదే. మావోడు తెచ్చిచ్చినాడు, రైలైతేనేమి గొర్రెయితేనేమి, సంతలో కొన్నది కొన్నదేమ్మా అని,” అంది.

అక్కడే పేడ గంప పక్కన కూలబడ్డాను. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఇన్ని నెలలుగా ఆ రేకు కిందనుంచే గొర్రెలను తోలుతూ, ఆ రేకు కిందనుంచే పోస్టు కదిరప్పకు ఎదురు వెళ్లాను.

ఆయన రాగానే రేకు చేతికిచ్చి, నీ షాపు కాగితం కూడా ఇచ్చాను. “ఇది తీసుకుని తిప్పేస్వామి దగ్గరికి పో” అన్నాను. “ఈ కాగితమేంది?” అన్నాడు. ‘ధనూ పంపింది’ అని మాత్రం చెప్పాను. రేకు ఇన్నాళ్లు ఎందుకు చూపించలేదంటే, “ఆయప్ప బిల్లు అడిగినాడు, పేరడిగినాడు. గుర్తు అడగలే. దొంగవా అని అడిగేవానికి నేనెందుకు ముడి విప్పి చూపియ్యల్ల?” అన్నాడు.

రేపు వెళ్తాడు. ఉగాది వారమే ఉంది.

ఆశా

*

మల్లేశ్వరం,
28 మార్చి.

ఏమ్మే ఆశా,

డేగ, ఉన్ని, పేడగంప! ఇక్కడ మా ఓనరుకు చదివి వినిపిస్తే, ఇన్నేళ్ల వ్యాపారంలో బండ్ల పేర్లను దాచిపెట్టే పద్ధతి ఇంత బాగా ఎక్కడా చూడలేదన్నాడు.

కానీ నాకు నీ ఉత్తరంలో ఒకటి గుచ్చుకుంది. ఆయన కాగితం గురించి అడిగి ఊరుకున్నాడా? నువ్వు కొలిచిన సంగతి ఆయనకు తెలుసా? గెస్ట్‌హౌస్‌లో ఏమైందో వెంటనే రాయి. ఇంట్లో ఏమైందో కూడా రాయి. రెండోది దాచకు.

ధనూ

*

బలసముద్రం,
6 ఏప్రిల్.

ధనూ,

మొదట మంచి మాట. తిప్పేస్వామి రేకును బండి అడుగున పెట్టి చూశాడట. రెండు మర రంధ్రాలూ సరిపోయాయి. నీ కాగితం పైకి చదివించుకున్నాడు. ఖాళీ డబ్బా తెప్పించి బోగీని అందులో పెట్టబోతే, లోపల బండి ఆకారంలో కోసిన స్పాంజి గుంతలో అది కూర్చోలేదు. అప్పుడు గాని పాత మేనేజరుకు ఫోన్ చేయాలని ఆయనకు తోచలేదు. “ఆ బండి నాదయ్యా, నాతోనే తెచ్చుకున్నా. డబ్బా పెద్దదని వదిలేశా” అన్నాడట మేనేజరు. తిప్పేస్వామి డబ్బాకు మూత పెట్టి, “రేపట్నుంచి పనికి రాప్పా ధనంజయా” అన్నాడట. అంతే. క్షమించమనలేదు. ఈయన అడగనూ లేదు.

వెంకటక్క ఉగాది పచ్చడి గిన్నె తెచ్చిచ్చి, “నాకు ముందే తెల్సు మే, మీ ఆయన అట్లాటోడు కాదని” అంది. గిన్నె తీసుకున్నాను. ఆ మాట నేను కూడా అనగలిగి ఉంటే ఎంత బాగుండేది.

ఇప్పుడు ఇంట్లో సంగతి. పండగ రోజు సాయంత్రం రూపను ముందు కూర్చోబెట్టుకుని నేలమీద రైలు నడిపాడు. అది వేళ్లు దాచుకోవడం మానేసింది. నేను పక్కన కూర్చుని అన్నం కలుపుతున్నాను. ఆయన బోగీ తలుపులోంచి ఒక దారం ముక్క లాగాడు. తెల్లది. ముడి వేసి ఉంది. మొదటిసారి సరిగా రాలేదని వదిలేసిన ముక్క, అక్కడే చిక్కుకుపోయింది. దాన్ని వేలికి చుట్టుకుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు:

“నువ్వు కొలుస్తాంటే చూసినా. బోరు కాడికి పోతా బకెట్ మరిచిపోయి తిరుక్కుని వచ్చినా. నువ్వు బండి ముందర కూచోని దారం పట్టుకోని ఉన్నావు. చప్పుడు చేయకుండా పోయినా.”

నేను కలిపిన ముద్దనే మళ్లీ కలిపాను.

“ఎప్పుడు నన్ను అడుగుతాదో అని చూస్తా ఉంటి,” అన్నాడు. తర్వాత, కోపం లేకుండా, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు, “కొలత సరిపాయెనా?” అన్నాడు.

కంచం పక్కన పెట్టాను ధనూ. ఊరు అనుమానిస్తే నీళ్లు పెట్టుకోడానికి ఆయనకు గొర్రెలున్నాయి. నేను అనుమానిస్తే ఆయన ఎక్కడికి పోతాడు? సిగ్గుతో చచ్చిపోయాను. తప్పయిందని ఆయన చెయ్యి పట్టుకున్నాను. “అన్నం చల్లారతాది” అన్నాడు. చెయ్యి మాత్రం విడిపించుకోలేదు.

మర్నాడు దొడ్డి తెరుస్తూ తలెత్తి చూశాను. ఉన్ని ముడి మళ్లీ పైకమ్మికి కట్టి ఉంది. డేగరేకు పక్కన నా తెల్లదారం కూడా ఉంది, ముడి విప్పకుండా. కొన్నవాడు దాచిపెడతాడు అంది కదా అత్త. దాచిపెట్టాడు. పారేసి ఉంటే బాగుండునని ఒక్కోరోజు అనిపిస్తుంది. పారేయకపోవడమే మంచిదని ఇంకోరోజు అనిపిస్తుంది. రోజూ దాని కిందనుంచి తల వంచుకుని గొర్రెలను బయటికి తోలుతున్నాను.

నీ దగ్గరున్న ఎర్రదారం, నల్లదారం, మూడు తెల్లవీ పోస్టులో పంపించు. వాటినీ అక్కడే కట్టమని ఆయన్ని అడుగుతాను. నోటితో.

నీ
ఆశా